పాతబస్తీ చిరువ్యాపారాలు – స్థానిక అన్వేషణ: ఒక భాషాపరమైన పరిశీలన

వ్యాససంగ్రహం

అంతర్జాలంలో ఒక దుకాణం కనిపించడమా, కనిపించకపోవడమా అన్నది నేడు చిరువ్యాపారి బతుకుతెరువును నిర్ణయించే అంశాలలో ఒకటి. దీనిని సాధారణంగా సాంకేతికసమస్యగా, ఖర్చుతో కూడిన ప్రచారసమస్యగా చూస్తారు. హైదరాబాదు పాతబస్తీ వంటి బహుభాషాప్రాంతంలో ఇది ముందుగా భాషాసమస్య అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్థలనామాల రూపభేదాలు, లిప్యంతరీకరణలోని అస్పష్టత, వృత్తిపదాల ప్రాంతీయవైవిధ్యం, యూనికోడేతర ఖతుల వాడకం అనే నాలుగు కారణాలు ఇక్కడి దుకాణాలను అన్వేషణ ఫలితాలలో వెనక్కు నెడుతున్న తీరును వివరిస్తుంది. వ్యాపారి స్వయంగా, పెద్ద ఖర్చు లేకుండా చేసుకోదగిన సవరణలను సూచిస్తుంది. ఈ పనిలో తెలుగు అధ్యాపకులు, పరిశోధకులు వహించగల పాత్రను చర్చిస్తుంది.

కీలకపదాలు: పాతబస్తీ, స్థానిక అన్వేషణ, స్థలనామాలు, లిప్యంతరీకరణ, వృత్తిపదాలు, యూనికోడ్, చిరువ్యాపారం.

1. ఉపోద్ఘాతం

చార్మినార్ నిర్మాణం 1591లో జరిగింది. నాటినుండి నేటివరకు దాని చుట్టూ ఉన్న వీధులు వ్యాపారకేంద్రాలుగానే కొనసాగుతున్నాయి. చార్మినారుకు పడమర లాడ్‌బజార్ గాజులకు, ఉత్తరాన పత్తర్‌గట్టి, చార్‌కమాన్ పరిసరాలు ముత్యాలకు, వస్త్రాలకు, ఛత్తాబజార్ పెండ్లిపత్రికల ముద్రణకు, మీరాలం మండి కూరగాయలకు, మసాలా దినుసులకు ప్రసిద్ధి చెందాయి. ఒకప్పుడు కొనుగోలుదారు ఈ వీధిలోకి వచ్చి, నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి కొనేవాడు. వీధి పేరే దుకాణానికి ప్రచారం. ఇప్పుడు ఆ కొనుగోలుదారు బయలుదేరకముందే చేతిలోని ఫోనును అడుగుతున్నాడు. ఫోను చూపించిన మొదటి మూడు పేర్లలో తన పేరు లేని వ్యాపారి, వీధి మధ్యలో ఉన్నా వీధి చివర ఉన్నవాడితో సమానమవుతున్నాడు.

ఈ మార్పువల్ల నష్టపోయేది దుకాణదారు ఒక్కడే కాదు. లక్కను కరిగించి, గాజుగా మలిచి, వేడి ఆరకముందే రాళ్లు పొదిగే పనివారి బతుకు ఆ దుకాణంలోని అమ్మకంపైన ఆధారపడి ఉంటుంది. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళికసూచిక గుర్తింపు లభించింది. అంతకుముందు 2010లోనే హైదరాబాదు హలీంకు ఈ గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినంతమాత్రాన గిరాకీ రాదు. ఆ వస్తువును వెతికేవారికి దానిని తయారుచేసే చోటు కనిపించాలి. కనిపించనప్పుడు లాభం మధ్యవర్తులకు చేరుతుంది.

అన్వేషణయంత్రం పదాలను బట్టి పనిచేస్తుంది. పదాలు భాషకు చెందినవి. కాబట్టి ఈ విషయం వాణిజ్యశాస్త్ర విభాగాలకు ఎంత దగ్గరో భాషావిభాగాలకూ అంతే దగ్గర. ఈ దృష్టితోనే ప్రస్తుత పరిశీలన సాగుతుంది.

2. స్థానిక అన్వేషణ – పనితీరు

అన్వేషణయంత్రం మూడు దశలలో పనిచేస్తుంది. మొదట అంతర్జాలంలోని పుటలను చదువుతుంది. తరువాత వాటిలోని సమాచారాన్ని సూచికగా అమర్చుకుంటుంది. చివరగా అడిగిన ప్రశ్నకు తగినవాటిని వరుసక్రమంలో చూపుతుంది. స్థానిక అన్వేషణలో దీనికి పటం తోడవుతుంది. ‘గాజుల షాపు’ అని వెతికినప్పుడు యంత్రం దానిని నిఘంటువు ప్రశ్నగా కాక, దగ్గరలో ఉన్న చోటు కోసం వేసిన ప్రశ్నగా గ్రహిస్తుంది.

ఇటువంటి ఫలితాల వరుసకు గూగుల్ సంస్థ మూడు ప్రమాణాలను ప్రకటించింది. అవి సంబద్ధత, దూరం, ప్రాముఖ్యం. వెతికిన పదానికీ దుకాణం ఇచ్చిన సమాచారానికీ ఉన్న పొంతన సంబద్ధత. వెతికేవారు ఉన్నచోటుకు లేదా పేర్కొన్న చోటుకు దుకాణం ఎంత సమీపమన్నది దూరం. ఇతర పుటలలో ప్రస్తావనలు, సమీక్షలు, రేటింగుల ద్వారా తెలిసే పేరుప్రతిష్ఠలు ప్రాముఖ్యం. డబ్బు చెల్లించి సాధారణ స్థానిక ఫలితాలలో మెరుగైన స్థానాన్ని కొనుక్కునే వీలు లేదు. ప్రకటనలు వేరు, అవి ప్రకటనలుగానే గుర్తించబడతాయి.

ఈ మూడింటిలో దూరం వ్యాపారి చేతిలో లేదు. ప్రాముఖ్యం కాలక్రమంలో సమకూరుతుంది. సంబద్ధత మాత్రం ఈరోజే సవరించుకోదగినది. అది పూర్తిగా పదాలమీద ఆధారపడినది కూడా. అందువల్ల భాషాపరిశీలనకు ఇక్కడే ఎక్కువ చోటుంది.

వ్యాపారవివరాలను నమోదు చేసుకునే ఉచిత సదుపాయం 2014లో ‘గూగుల్ మై బిజినెస్’ పేరుతో ప్రారంభమైంది. 2021లో దాని పేరు ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’గా మారింది. ఈ వ్యాసంలో దీనిని ‘వ్యాపారవివరపత్రం’ అని వ్యవహరిస్తాను.

3. స్థలనామాలు – రూపభేదాలు

తెలుగులో స్థలనామ పరిశోధనకు బలమైన సంప్రదాయం ఉంది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లపై చేసిన పరిశోధన ఇందుకు సుపరిచితమైన ఉదాహరణ. ఆ పరిశోధనలు ప్రధానంగా పేర్ల పుట్టుకను, అర్థపరిణామాన్ని చర్చించాయి. స్థానిక అన్వేషణ విషయంలో పేరు ఎలా పుట్టిందన్నదానికంటే నేడు ఎన్నివిధాలుగా రాయబడుతోందన్నది ముఖ్యమవుతుంది.

పాతబస్తీ పేర్లు అరబ్బీ, ఫారసీ, దక్కనీ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు భాషల కలయికలో రూపుదిద్దుకున్నాయి. గోల్కొండ ప్రభువులు ఫారసీతోపాటు తెలుగులోనూ ఫర్మానాలు జారీచేశారు. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికారభాష అయింది. అంటే ఈ ప్రాంతంలో ఒకే పేరు కనీసం మూడు లిపులలో, ప్రతి లిపిలోనూ ఒకటికి మించిన రూపాలలో కనిపించడం సహజపరిణామం. కొన్ని ఉదాహరణలు చూద్దాం.

3.1 లాడ్‌బజార్: దీనిని లాడ్ బజార్, లాడ్ బాజార్, లాడ్ బజారు, లాద్ బజార్ అని రాస్తున్నారు. చూడీబజార్ అన్న వ్యవహారమూ ఉంది. రోమన్ లిపిలో ద, డ అక్షరాలకు ఒకే గుర్తును వాడడం అలవాటు. అందువల్ల రోమన్ రూపాన్ని తిరిగి తెలుగులోకి మార్చే యంత్రానికి అక్కడ ఉన్నది దంత్యమో మూర్ధన్యమో తెలియదు. మనిషికి వీధి తెలుసు కాబట్టి సంశయం రాదు.

3.2 గుల్జార్ హౌజ్: ఇందులోని ‘హౌజ్’ అంటే నీటితొట్టి. చార్‌కమాన్ నడుమ ఉన్న ఫౌంటెన్‌కు ఈ పేరు వచ్చింది. తెలుగు రాతలో ‘గుల్జార్ హౌస్’ అన్న రూపం కూడా విస్తృతంగా వాడుకలో ఉంది. ఇంగ్లీషులోని ఇంటిని సూచించే పదంతో ధ్వనిసామ్యం వల్ల ఈ మార్పు వచ్చి ఉండవచ్చు. దీనిని తప్పని కొట్టివేయడం భాషావేత్తకు సాధ్యమేమోగాని వ్యాపారికి సాధ్యం కాదు. ‘హౌస్’ అని వెతికేవారూ అతని గిరాకీదారులే.

3.3 షా అలీ బండ: శాలిబండ, షాలిబండ, షాఅలీబండ, షా అలీ బండ అనే రూపాలు ఉన్నాయి. తెలుగు నోటిలో ‘షా అలీ’ అన్న రెండు పదాలు సంధి పొంది ‘శాలి’గా కుదించుకుపోయాయి. బస్సు కండక్టరు కేకలో వినిపించే రూపం ఇదే. గొంతుతో వెతికేవారి మాటలోనూ ఇదే వినిపిస్తుంది. ప్రభుత్వపత్రాలలో విడివిడి రూపం ఉంటుంది.

3.4 పత్తర్‌గట్టి: పత్తర్‌గట్టి, పత్తర్ గట్టి, పత్తర్గట్టి, పత్థర్‌గట్టి, పత్తర్‌ఘట్టీ అనే రూపాలు కనిపిస్తాయి. తెలుగు చెవికి ‘గట్టి’ అన్న సొంతపదం వినిపించడంవల్ల ఆ భాగం స్థిరపడింది. మొదటి భాగంలోని మహాప్రాణం మాత్రం ఊగిసలాడుతోంది. ఇందులో మొదటి మూడు రూపాలమధ్య తేడా కంటికి చిన్నదే. కాని యంత్రానికి అవి మూడు వేర్వేరు అక్షరవరుసలు. మొదటిదానిలో పొల్లుహల్లుకూ గకారానికీ మధ్య కంటికి కనిపించని విభాజకగుర్తు ఉంటుంది. రెండవదానిలో ఖాళీ ఉంటుంది. మూడవదానిలో రెండూ లేవు కాబట్టి సంయుక్తాక్షరం ఏర్పడుతుంది. అన్వేషణయంత్రాలు ఇటువంటి భేదాలను చాలావరకు సర్దుబాటు చేసుకుంటాయి. అన్నివేళలా సర్దుబాటు చేసుకుంటాయన్న హామీ మాత్రం లేదు.

3.5 యంత్రలిప్యంతరీకరణ: భారతదేశంలో పటాలలోని దుకాణాల పేర్లు ఎక్కువగా రోమన్ లిపిలోనే నమోదై ఉంటాయి. వాటిని తెలుగుతోసహా పది భారతీయభాషలలో స్వయంచాలకంగా చూపే విధానాన్ని మెరుగుపరచినట్లు గూగుల్ 2021 జనవరిలో ప్రకటించింది. ఇది ఉపయోగకరమైన ప్రయత్నం. అయితే యంత్రం ఊహించిన తెలుగు రూపం, దుకాణం బోర్డుమీది తెలుగు రూపం ఒకటి కాకపోవచ్చు. వ్యాపారి తన పేరును తెలుగులో తానే ఇవ్వనప్పుడు యంత్రం పెట్టినదే అతని పేరవుతుంది.

పైరూపాలన్నిటినీ వ్యాపారనామంలో గుప్పించడం పరిష్కారం కాదు. బోర్డుమీద, రశీదుమీద ఉన్న పేరునే నమోదు చేయాలన్నది నిబంధన. ‘చార్మినార్ బెస్ట్ గాజులు లాడ్‌బజార్ హోల్‌సేల్’ వంటి అదనపు పదాలు చేరిస్తే వివరపత్రం నిలిపివేతకు గురికావచ్చు. పేరులో ఒకే రూపం ఉండాలి. ఇతర రూపాలను వివరణలో, సొంత పుటలో, ఛాయాచిత్రాల శీర్షికలలో వాక్యభాగాలుగా సహజంగా ఇమడ్చాలి. ఉదాహరణకు, ‘చూడీబజార్ అని కూడా పిలిచే లాడ్‌బజార్‌లో, చార్మినార్‌కు పడమటివైపు మా దుకాణం ఉంది’ అన్న ఒక్క వాక్యంలో మూడు స్థలసూచనలు చేరాయి. పాఠకుడికి ఇబ్బంది కలగలేదు.

4. వెతుకుపదాలు – వృత్తిపదకోశ దృష్టి

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయపదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి వెలువడింది. చేనేతపదాల సంపుటి 1971లో వచ్చింది. ఒక వస్తువును, ఒక పనిని వివిధప్రాంతాలవారు ఏ పేరుతో పిలుస్తారో ఆయా వృత్తులవారిని అడిగి నమోదు చేయడం ఆ కోశాల పద్ధతి. నేటి అంతర్జాల వ్యాపారంలో ‘కీవర్డు పరిశోధన’ పేరుతో జరిగేది, స్వభావంలో ఇదే పని. కొనేవారు ఏ పదంతో వెతుకుతారో తెలుసుకోవడమే అందులోని సారం. తేడా ఏమిటంటే కోశకర్త అమ్మేవాడి, చేసేవాడి మాటను సేకరించాడు. ఇక్కడ కొనేవాడి మాటనూ సేకరించాలి.

ఛత్తాబజార్ ముద్రణాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ అచ్చయ్యే వస్తువును తెలంగాణలో పెండ్లిపత్రిక, పెండ్లికార్డు అంటారు. కోస్తావారు శుభలేఖ అంటారు. ఉర్దూ మాట్లాడేవారు రుఖా అంటారు. నగరంలోని యువతరం వెడ్డింగ్ కార్డు అంటుంది. ‘పెండ్లి’, ‘పెళ్లి’, ‘పెళ్ళి’ అన్న మూడు వర్ణక్రమాలూ వాడుకలో ఉన్నాయి. ముద్రాపకుడు తన వివరణలో ‘వెడ్డింగ్ కార్డ్స్’ అని మాత్రమే రాసుకుంటే, మిగిలిన పదాలతో వెతికేవారికి అతడు దొరకడం యంత్రం దయపైన ఆధారపడి ఉంటుంది. విజయవాడనుండి ‘శుభలేఖలు’ అని వెతికేవారు, జనగామనుండి ‘పెండ్లిపత్రికలు’ అని వెతికేవారు ఇద్దరూ అతనికి కావలసినవారే.

ముత్యాల వ్యాపారంలో ముత్యాలు, మోతీ, పెరల్స్ అనే పదాలు, గాజులలో లక్కగాజులు, రాళ్లగాజులు, చూడియా, బ్యాంగిల్స్ అనే పదాలు, పరిమళద్రవ్యాలలో అత్తరు, ఇత్ర్ అనే పదాలు ఇదేవిధంగా పక్కపక్కన నడుస్తాయి. అమ్మేచోటును సూచించే పదాలలో దుకాణం, అంగడి, షాపు, కొట్టు ఉన్నాయి. ప్రాంతాన్ని సూచించడానికి పాతబస్తీ, పాతనగరం, ఓల్డ్ సిటీ, పురానా షహర్ ఉన్నాయి.

తెలుగు సంశ్లిష్టభాష కావడం మరొక చిక్కు. నామం విభక్తితో కలిసి రూపం మారుతుంది. గాజులు అన్న బహువచనం దుకాణం అన్న పదానికి ముందు ‘గాజుల’ అవుతుంది. చార్మినార్, చార్మినార్‌లో, చార్మినార్ దగ్గర, చార్మినారుకు అన్నవి వేర్వేరు రూపాలు. ఇంగ్లీషుకోసం రాసిన సూచనలను యథాతథంగా అనుసరించి ఒకే పదరూపాన్ని పదిసార్లు వల్లించడం తెలుగులో కృతకంగా ఉండడమేగాక నిష్ఫలం కూడా. సహజమైన వాక్యాలలో పదం తన విభక్తిరూపాలన్నిటితో కనిపించడమే మేలు. చక్కని తెలుగు వచనం రాయడమూ, అన్వేషణకు అనుకూలంగా రాయడమూ ఈ విషయంలో ఒకటవుతున్నాయి.

తెలుగును రోమన్ లిపిలో రాసి వెతికేవారి అలవాటును కూడా గమనించాలి. దీర్ఘాన్ని ఒకరు ఒక అక్షరంతో, ఇంకొకరు రెండక్షరాలతో రాస్తారు. తకారానికి హకారం చేర్చేవారు, చేర్చనివారు ఉన్నారు. ముత్యాలు అన్న ఒక్క మాట రోమన్‌లో అనేకరూపాలు ధరిస్తుంది. 2017 ఆగస్టులో తెలుగు, ఉర్దూ భాషలు గూగుల్ గొంతు అన్వేషణలో ఒకేసారి చేరాయి. దానితో రాతకు బదులు మాట ముందుకు వచ్చింది. గొంతుతో అడిగేవారు విడిపదాలు కాక పూర్తివాక్యం అంటారు. ‘చార్మినార్ దగ్గర పెండ్లి గాజులు ఎక్కడ దొరుకుతాయి’ వంటి ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే నాలుగు వాక్యాలు సొంత పుటలో ఉంచడం ఉపయోగకరం.

దీనికి ఖరీదైన ఉపకరణాలు అవసరం లేదు. గల్లాపెట్టె పక్కన ఒక చిన్న పుస్తకం ఉంచి, ఫోనులోగాని ఎదురుగాగాని కొనుగోలుదారు వాడిన మొదటి మాటను నెలరోజులు రాసుకుంటే చాలు. ఆ పుస్తకమే అతని వెతుకుపదాల పట్టిక. ఒక తెలుగు పరిశోధకుడి చేతికి అది క్షేత్రసేకరణ సామగ్రి కూడా.

5. చిరునామా – పటం

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదల తరువాత నగరాన్ని పునర్నిర్మించే పని మొదలైంది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. అదేకాలంలో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాదు నగరానికి సవివరమైన పటాలు తయారయ్యాయి. ఆ పటాలు ఇంటిని, వీధిని, బావిని, తోటను గుర్తించాయి. నేటి అంతర్జాల పటం కూడా అదే పని చేస్తోంది. అయితే నాటి పటాన్ని సర్వేయరు గీశాడు. నేటి పటంలో దుకాణం గుర్తును దుకాణదారే పెట్టుకోవాలి.

పాతబస్తీలో ఇంటినంబరుతో చోటు కనుక్కోవడం కష్టం. నంబర్లు వరుసగా సాగవు. గల్లీ, కమాను, దేవిడీ, మసీదు, గుడి, బావి వంటి గుర్తులతోనే ఇక్కడి మనుషులు దారి చెప్పుకుంటారు. ఒకే కమాను కింద, ఒకే ఇంటినంబరుకు ఉపసంఖ్యలతో పది దుకాణాలు ఉండవచ్చు. అటువంటిచోట చిరునామాను మాత్రమే నమ్ముకుంటే పటంలోని గుర్తు వీధి మధ్యలోనో, వెనుక గల్లీలోనో పడుతుంది. అందువల్ల మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, గుర్తును దుకాణం గుమ్మం ఎదుట నిలబడి స్వయంగా సరిచేసుకోవాలి. రెండవది, చిరునామాలో అధికారిక అంశాలు రాసి, స్థానికగుర్తును వివరణలో రాయాలి. చిరునామా లేనిచోట్లకు సైతం అక్షరాలు, అంకెలతో సంకేతం ఇచ్చే ప్లస్ కోడ్ పద్ధతి ఉంది. దానిని కరపత్రంమీద ముద్రించుకోవచ్చు. మూడవది, పేరు, చిరునామా, ఫోను సంఖ్య ఈ మూడూ అన్నిచోట్లా ఒకే రూపంలో ఉండాలి. జస్ట్‌డయల్ వంటి సూచికలలో, వాట్సాప్ బిజినెస్‌లో, సామాజికమాధ్యమాలలో, గోడమీది బోర్డులో ఒక్కొక్కచోట ఒక్కొక్క వర్ణక్రమం ఉంటే యంత్రం వాటిని వేర్వేరు దుకాణాలుగా భావించే ప్రమాదం ఉంది. అప్పుడు రావలసిన పేరు నాలుగుచోట్ల చీలిపోతుంది. మన పరిభాషలో చెప్పాలంటే దుకాణదారు ముందు తన పేరుకు ప్రామాణికపాఠాన్ని నిర్ణయించుకోవాలి. పాఠాంతరాలు అధోజ్ఞాపికలలో ఉండాలి.

6. వేళలు, వర్గీకరణ, చిత్రాలు

పాతబస్తీ దుకాణాల వేళలు ఏడాది పొడవునా ఒకటిగా ఉండవు. రంజాన్ మాసంలో రాత్రి చాలా పొద్దుపోయేదాకా వ్యాపారం సాగుతుంది. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనలవేళ కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి. మొహర్రం పదవరోజున బీబీకా ఆలం ఊరేగింపు, ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు, గణేశ నిమజ్జనం ఉన్న రోజులలో రాకపోకల మళ్లింపు ఉంటుంది. వివరపత్రంలో రోజువారీ వేళలతోపాటు ప్రత్యేకవేళలు ఇచ్చే వీలుంది. దానిని వాడుకునే వ్యాపారి దూరంనుండి వచ్చే గిరాకీదారు నమ్మకాన్ని పొందుతాడు. ‘తెరిచి ఉంది’ అన్న సమాచారాన్ని నమ్మి వరంగల్లునుండి వచ్చినవారికి మూసిన తలుపు కనిపిస్తే, ఆ కోపం సమీక్షగా మారుతుంది.

ప్రధానవర్గం ఎంపికలో స్పష్టత ఉండాలి. గాజులు అమ్మేవారు ‘జనరల్ స్టోర్’ అని నమోదుచేసుకుంటే గాజులకోసం వెతికేవారికి కనిపించే అవకాశం తగ్గుతుంది. దొరికే వర్గాలలో వృత్తికి అతిదగ్గరైనదానిని ప్రధానవర్గంగా, మిగిలినవాటిని ఉపవర్గాలుగా ఎంచుకోవాలి.

చిత్రాలలో దుకాణం ముందుభాగం బోర్డుతోసహా కనిపించాలి. ఒకేతీరు కమానుల వరుసలో దుకాణాన్ని గుర్తుపట్టడానికి అది ఉపకరిస్తుంది. లక్కగాజు తయారీని చూపే స్వంత చిత్రాలు ఎక్కడో తెచ్చి పెట్టిన అందమైన చిత్రాలకంటే విలువైనవి.

7. సమీక్షలు – నైతికత

ప్రాముఖ్యాన్ని పెంచే అంశాలలో సమీక్షలు ముఖ్యమైనవి. సంతృప్తి చెందిన కొనుగోలుదారును అభిప్రాయం రాయమని అడగడంలో తప్పు లేదు. డబ్బు, తగ్గింపు, బహుమతి ఆశచూపి రాయించడం నిబంధనలకు విరుద్ధం. భారతీయ ప్రమాణాల సంస్థ అంతర్జాల సమీక్షలకు ఐ.ఎస్. 19000:2022 అనే ప్రమాణాన్ని 2022లో విడుదల చేసింది. కూలికి రాయించిన పొగడ్తలు కొంతకాలం పనిచేసినట్లు కనిపించినా, గుర్తింపబడినప్పుడు మొత్తం వివరపత్రానికే ముప్పు తెస్తాయి.

కొనుగోలుదారు ఏ భాషలో రాస్తే ఆ భాషలో జవాబివ్వడం మర్యాద. తెలుగు సమీక్షకు తెలుగులో, ఉర్దూ సమీక్షకు ఉర్దూలో రెండు వాక్యాల జవాబు చాలు. ఫిర్యాదుకు వాదన పనికిరాదు. ‘మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. రశీదుతో వస్తే మార్చి ఇస్తాం’ అన్న జవాబును ఫిర్యాదుదారుకంటే తరువాత చదివే వందమంది గమనిస్తారు. బేరసారాలకు పేరుపొందిన వీధులలో ఈ నెమ్మది మరీ అవసరం.

భౌగోళికసూచిక విషయంలోనూ నిజాయితీ ముఖ్యం. 1999నాటి చట్టం ప్రకారం ఆ గుర్తింపును వాడే హక్కు నమోదైన అధీకృత వినియోగదారులకు ఉంటుంది. నమోదు లేకుండా, యంత్రాలమీద తయారైన గాజులను ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా, నైతికంగా తప్పు. నమోదైనవారు మాత్రం ఆ విషయాన్ని తమ వివరణలో స్పష్టంగా తెలుగులో రాసుకోవాలి. అది వారికి న్యాయంగా దక్కిన ప్రత్యేకత.

8. సొంత పుట – లిపి, ఖతి

వివరపత్రం ఉచితమే అయినా అది అద్దె ఇల్లు. దాని ద్వారా వ్యాపారులు తయారుచేసుకున్న ఉచిత వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో నిలిపివేసింది. అందువల్ల చిన్నదైనా సొంత పుట ఉండడం మంచిది.

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన అడ్డంకి ఒకటి ఉంది. ముద్రణారంగంలో అను వంటి యూనికోడేతర ఖతుల వాడకం విస్తృతంగా ఉంది. అచ్చులో అవి అందంగా ఉంటాయి. ఆ పాఠాన్ని అలాగే అంతర్జాలపుటలో అతికిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు మిగులుతుంది. దానిని తప్పించుకోవడానికి చాలామంది కరపత్రాన్ని బొమ్మగా మార్చి పెడతారు. మనిషి ఆ బొమ్మను చదవగలడు. యంత్రం దానిలోని అక్షరాలను కొంతవరకు గుర్తించినా, నేరుగా ఇచ్చిన పాఠంతో అది సమానం కాదు. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో చోటు పొందింది. మూడు దశాబ్దాలు దాటినా వ్యాపారసమాచారం బొమ్మలలో బందీగా ఉండడం విచారకరం. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, బొమ్మ పక్కన అక్షరాలుగా పెట్టడం ఒక గంట పని. ఈ వ్యాసంలోని సూచనలలో తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చేది బహుశా ఇదే.

పుట శీర్షికలో దుకాణం పేరు, వస్తువు, ప్రాంతం ఉండాలి. తెలుగుకు, ఉర్దూకు, ఇంగ్లీషుకు విడివిడి పుటలు ఉండి, ఏ పుట ఏ భాషలో ఉందో యంత్రానికి తెలిపే గుర్తు ఉండాలి. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగే లిపి కాబట్టి మూడు భాషలను ఒకే పేరాలో కలిపితే చదవడానికీ ఇబ్బందే. పేరు, చిరునామా, వేళలను యంత్రం నేరుగా గ్రహించేలా రాసే నిర్మితవిధానానికి 2011లో స్కీమా డాట్ ఆర్గ్ పేరుతో ప్రధాన అన్వేషణసంస్థలు ఉమ్మడి పదజాలాన్ని ఏర్పరచాయి. పుట తయారుచేసేవారిని దీనిగురించి అడగడం వ్యాపారి తెలుసుకోవలసిన విషయం. యంత్రంచేత అనువదింపజేసిన తెలుగును సరిచూడకుండా పెట్టడంకంటే, సొంతమాటలలో రాసిన పది వాక్యాలు మేలు.

9. పరిమితులు

భాషను సరిచేసినంతమాత్రాన మొదటిస్థానం దక్కుతుందని ఈ వ్యాసం చెప్పడం లేదు. దూరం, పోటీ, ఇతర దుకాణాల ప్రాముఖ్యం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. మొదటిస్థానం ఖాయమని ఫోనుచేసి డబ్బు అడిగేవారిని నమ్మకూడదు. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరు. వివరపత్రం యాజమాన్యాన్ని, రహస్యసంకేతాలను ఇతరులకు అప్పగించకూడదు. ఏకైకసంస్థపై సంపూర్ణంగా ఆధారపడడంలోని ప్రమాదం కూడా ఉంది. ఆ సంస్థ నియమం మారిన మరునాడే ఫలితాల వరుస మారవచ్చు. కొనుగోలుదారుల ఫోను సంఖ్యలు వారి అనుమతితో తన దగ్గర ఉంచుకున్న వ్యాపారికి ఆ భయం కొంత తక్కువ.

10. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. స్థానిక అన్వేషణలో వ్యాపారి తక్షణం మార్చుకోగల అంశం సంబద్ధత. అది ప్రధానంగా భాషాధీనం.

2. పాతబస్తీ స్థలనామాలకు తెలుగులోనే అనేకరూపాలు ఉన్నాయి. పేరుకు ఒకే ప్రామాణికరూపం, వివరణలో రూపాంతరాలు అన్న పద్ధతి అనుసరణీయం.

3. వెతుకుపదాల సేకరణ వృత్తిపదకోశ నిర్మాణానికి సన్నిహితమైన పని. ప్రాంతీయరూపాలకు దానిలో చోటుండాలి.

4. బొమ్మలలో, యూనికోడేతర ఖతులలో ఉన్న తెలుగు అన్వేషణకు సరిగా అందదు. దానిని యూనికోడ్ పాఠంగా మార్చడం తొలిమెట్టు.

5. వేళలు, పటంలోని గుర్తు, సమీక్షలకు జవాబు వంటివి ఖర్చులేని పనులు. క్రమం తప్పకపోవడమే వాటికి పెట్టుబడి.

తెలుగు విభాగాలకు ఇందులో చేయదగిన పని ఉంది. పాతబస్తీ స్థలనామాల రూపాంతరాలను తెలుగు, ఉర్దూ, రోమన్ లిపులలో వరుసగా చూపే ఒక పట్టికను డిగ్రీ విద్యార్థుల క్షేత్రపర్యటనతో తయారుచేయవచ్చు. ఉర్దూ విభాగాల సహకారం లేకుండా ఇది పూర్తికాదు. 2024 మార్చిలో శంకుస్థాపన జరిగిన పాతబస్తీ మెట్రోమార్గంవల్ల రానున్న సంవత్సరాలలో ఇక్కడి రోడ్లు, గుర్తులు, దుకాణాల స్థానాలు మారనున్నాయి. కమాను పక్కన, చెట్టుకింద, బావిదగ్గర అన్న చిరునామాలు కొన్ని అదృశ్యమవుతాయి. నేడు సేకరించే పేర్లు రేపటి భాషాచరిత్రకు ఆధారమవుతాయి. ఈరోజు ఆ పని గాజులబట్టీ దగ్గర కూర్చున్న మనిషికి నాలుగు రూపాయల గిరాకీ తెస్తే, మన పరిశోధన సమాజానికి ఏమి ఇస్తుందన్న ప్రశ్నకు అది ఒక జవాబవుతుంది.